పట్టా, ముచ్చిలిక, రసీదు: కౌలురైతు హక్కుల చరిత్ర

మన గ్రంథాలయము స్థాపితమై 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఏదేని చారిత్రక విషయమును గూర్చి వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గము వారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామమున పద్దులు వ్రాయుట నా వృత్తి. గురుముఖమున కావ్యపాఠము చెప్పించుకొన్న భాగ్యము నాకు లేదు. పగలు లెక్కలు ముగించి, రాత్రివేళ నిఘంటువును ప్రక్కన బెట్టుకొని నాకు నేనుగా కూడబలుకుకొన్న నాలుగు గ్రంథములే నా విద్య. అందుచేత రాజుల దండయాత్రలను గూర్చి వ్రాయుటకు సాహసింపక, నా వృత్తికి దగ్గరగా నున్న విషయమునే యెంచుకొంటిని. భూమిని దున్నువానికిని, భూమి తనదనువానికిని నడుమ మన దేశమున జరిగిన తగవులెట్టివి? ఆ తగవులలో దున్నువాని కాపాడినదేది? కాపాడవలసియు కాపాడలేక పోయినదేది? ఇది నా ప్రశ్న.

మా యింట అటకమీద ఒక చెక్కపెట్టె గలదు. మా తాతగారును, వారి తరువాత మా తండ్రిగారును ఈ గ్రామమున కరణీకము చేసిరి. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దగు వఱకు ఆ పని మా యింట నుండెను. ఆనాటి కవిలెలు కొన్ని ఆ పెట్టెలో మిగిలినవి. వానిని తిరుగవేయుచుండగా నాకు కలిగిన తలంపులే ఈ వ్యాసమునకు మూలము.

పూర్వుల మతము

భూమి యెవరిది అను ప్రశ్న క్రొత్తది కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున ఒక ప్రసంగవశమున, మోళ్లు పెరికి పొలము చేసినవానిదే ఆ పొలమని పెద్దలు చెప్పుదురని యున్నది. వేటలో మొదట బాణము నాటినవానిదే మృగమైనట్లు, అడవి కొట్టి సాగుచేసినవానిదే క్షేత్రమని దాని భావము. మీమాంసకులు ఇంకను ముందునకు పోయిరి. విశ్వజిత్తను యాగమున యజమానుడు తన సర్వస్వమును దానము చేయవలెను. రాజు ఆ యాగము చేసినయెడల తన రాజ్యమందలి భూమి నంతటిని దానమీయవచ్చునా అని జైమిని సూత్రములలో విచారణ వచ్చినది. ఈయరాదని సిద్ధాంతము. భూమిని కాపాడినందులకు రాజునకు పంటలో భాగము వచ్చునే గాని, భూమి రాజు సొత్తు కాదు. అందు నివసించి అనుభవించు వారందఱకును దానియందు సంబంధము కలదు.

ఈ సిద్ధాంతము పండితుల గ్రంథములలోనే నిలిచిపోలేదు. గ్రామములలో పంట పంచుకొను వాడుకలోనికి దిగినది. కళ్లమున రాశి పోసినపుడు అది రెండు పాళ్లగుచుండెను. సర్కారునకు గాని, సర్కారు స్థానమున నున్నవానికి గాని చెందు పాలు మేలువారము. సాగుచేయు కాపునకు చెందు పాలు కుడివారము. ఒకే భూమియందు ఇద్దఱికి రెండు హక్కులు కలవనియు, ఒకని హక్కు రెండవవాని దయవలన వచ్చినది కాదనియు ఈ రెండు మాటలలోనే యున్నది. పాఠకులు ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. దాదాపు నూటయేబది సంవత్సరముల తగవంతయు వీని చుట్టునే తిరిగినది.

1802 నాటి సన్నదులు

ఈస్టిండియా కంపెనీ వారికి ఉత్తర సర్కారులు చేజిక్కిన తరువాత, ఏటేట శిస్తు వసూలు చేయుట వారికి కష్టమయ్యెను. బంగాళమున 1793లో చేసినట్లే యిచ్చటను శాశ్వత పరిష్కారము చేయ నిశ్చయించి, 1802లో 25వ రెగ్యులేషను గావించిరి. జమీందారు కంపెనీకి చెల్లింపవలసిన పేష్కషు శాశ్వతముగా నిర్ణయింపబడెను. జమీందారులు లేని హవేలీ భూములను ముఠాలుగా విభజించి వేలము వేసిరి. వేలమున పాడుకొన్నవారును జమీందారులైరి.

ఆ రెగ్యులేషనులో జమీందారునకు భూమిపై స్వామ్యము కలదని వ్రాయబడినది. ఈ యొక్క మాట తెలుగు రైతును నూఱేండ్లకు పైగా వెంటాడెను. కంపెనీతో మాటాడుకొన్నది శిస్తును గూర్చియే గాని రైతు హక్కును గూర్చి కాదు. అయినను, "సన్నదులో భూమి నాదని యున్నది. కాబట్టి నీవు నా యిష్టమున్నంతవఱకే యుండువాడవు" అని చెప్పుటకు దివాణములకు వీలు చిక్కెను. అదే సంవత్సరమున చేసిన 28వ రెగ్యులేషను, శిస్తు బాకీకై పంటను పశువులను జప్తుచేయు అధికారమును భూస్వామికిచ్చెను.

న్యాయముగా చెప్పవలెనన్న, అదే యేట రైతు పక్షమునను రెండు రెగ్యులేషనులు వెలువడినవి. 30వది, జమీందారు ప్రతి రైతునకును పట్టా యీయవలెననెను. 29వది కరణములను గూర్చినది. గ్రామ లెక్కలు సత్యముగా వ్రాయబడి, తగవు వచ్చినపుడు న్యాయస్థానమునకు ఆధారముగా నుండవలెనని దాని యుద్దేశము. అనగా మా కవిలె కట్టకు రైతును రక్షించు భారము కూడ ఆనాడే పెట్టబడినది. ఆ భారమును మేమెంతవఱకు మోసితిమో ముందు చెప్పెదను.

రైతు హక్కు చెడిపోవుచున్నదని కంపెనీ వారికే తెలిసివచ్చి, 1822లో 4వ రెగ్యులేషను చేసిరి. 1802 నాటి నిబంధనలు ఎవరి వాస్తవమైన హక్కులను పరిమితము చేయుటకు గాని, నాశనము చేయుటకు గాని ఉద్దేశింపబడినవి కావని దానిలో స్పష్టపఱచిరి. కాని ఈ మాట దొరల కచ్చేరీ కాగితములలో నుండెను. పొలములో నున్న రైతునకు దానిని చదివి చెప్పువారెవ్వరు?

పట్టా, ముచ్చిలికల మార్పిడి

1865లో చెన్నరాజధానిలో 8వ చట్టమగు శిస్తు వసూలు చట్టము వచ్చెను. భూస్వామి రైతునకు పట్టా యీయవలెను. రైతు దానికి బదులుగా ముచ్చిలిక వ్రాసియీయవలెను. పట్టా యనగా "నీవు ఈ భూమిని ఇంత శిస్తునకు సాగుచేయుచున్నావు" అని భూస్వామి వ్రాయునది. ముచ్చిలిక యనగా "ఔను, నేను ఇంత చెల్లింతును" అని రైతు వ్రాయునది. ఈ మార్పిడి జరుగక గాని, న్యాయమైన పట్టాను భూస్వామి ఈయజూపక గాని, శిస్తుకై దావా వేయుటకును, జప్తు చేయుటకును వీలులేదని నియమము.

ఇది మంచి నియమమే. కాని కాగితము రెండువైపుల పదును గలది. చదువనేర్చినవానికి పట్టా కవచము. చదువనేరనివానికి తాను వ్రేలిముద్ర వేసిన ముచ్చిలికయే ఉరి. ముచ్చిలికలో శిస్తుతోబాటు క్రొత్త పన్నులును, "మీరు కోరినపుడు భూమి విడిచిపెట్టుదును" వంటి షరతులును చొరబడుట కలదు. రైతు వ్రేలు ఆనించునది కాగితముపై. పోవునది కాళ్ల క్రింది నేల.

ఈ స్థితిలో 1897లో చెన్నపురి హైకోర్టు తీర్పొకటి తెలుగు రైతుల చరిత్రలో మైలురాయి అయ్యెను. వెంకటనరసింహ నాయుడు, దండమూడి కోటయ్య అను వాది ప్రతివాదుల పేరుతో న్యాయవాదులు నేటికిని దానిని స్మరింతురు. జమీందారీలోని రైతు ఏటికేడు కౌలుదారు మాత్రమేనా? లేక ఆ భూమియందు అతనికి స్వంత హక్కున్నదా? ఇది ప్రశ్న. న్యాయమూర్తి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యరు గారు ఈ విషయమును మూలము నుండి విచారించిరి. జమీందారీ రైతు సామాన్యముగా కుడివారపు హక్కుదారుడే యని భావింపవలెననియు, అతని హక్కు జమీందారు ఇచ్చుట వలన వచ్చినది కాదనియు ఆ తీర్పు నిర్ణయించెను. ఆంగ్లదేశపు భూస్వామికిని కౌలుదారునకును గల సంబంధమును ఈ దేశమునకు తెచ్చి అతికించుట తప్పని తేలినది. మన పూర్వులు కళ్లములో రెండు రాశులుగా పోసి చూపిన న్యాయమే ఇంగ్లీషు తీర్పులో మరల కనబడినది.

1908 నాటి చట్టము

ఆ తీర్పులోని న్యాయమునే 1908 నాటి 1వ చట్టమగు ఎస్టేట్ల భూముల చట్టము శాసనముగా చేసెను. అది 1908 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. దానిలో రైతు తెలిసికొనవలసిన ముఖ్యాంశములను క్లుప్తముగా చెప్పెదను.

మొదటిది. చట్టము అమలునకు వచ్చునాటికి రైతు భూమిని సాగుచేయుచున్న జమీందారీ రైతునకు శాశ్వతమైన సాగుహక్కు కలదు. అతడు తన హక్కును అమ్ముకొనవచ్చును. అతని తరువాత వారసులకు చెందును. రెండవది. శిస్తును భూస్వామి తన యిష్టము వచ్చినట్లు పెంచరాదు. చట్టము చెప్పిన కారణములున్నపుడు, అధికారి విచారించిన మీదటనే హెచ్చింపవలెను. ధరలు పెరిగినవను కారణముపై హెచ్చించునపుడు, అంతకుముందున్న శిస్తుమీద రూపాయికి రెండణాలకు మించరాదు. మూడవది. చెల్లించిన శిస్తునకు రసీదు పొందుట రైతు హక్కు. భూస్వామి శిస్తు పుచ్చుకొననని మొండికెత్తినయెడల దానిని అధికారి వద్ద జమకట్టవచ్చును. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. జమీందారు స్వంత కమతపు భూమికి, అనగా సేరి భూమికి, ఈ హక్కులు వర్తింపవు. కాని భూమి సేరియని వాదించువాడే దానిని ఋజువు చేయవలెను. ఋజువగు వఱకు అది రైతు భూమియే యని కోర్టు భావింపవలెను. ఋజువనగా నోటిమాట చాలదు. చట్టమునకు వెనుకటి 12 సంవత్సరములు జమీందారు తన స్వంత పశువులతో, తన పాలేర్లతోనో కూలివాండ్రతోనో సాగుచేయించినట్లు చూపుట మొదలైన గట్టి యాధారములు కావలెను.

చూడుడు, చట్టమెంత బలముగా రైతు పక్షమున నిలిచినదో! మఱి ఇట్టి చట్టముండగా రైతులు భూములెట్లు పోగొట్టుకొనిరి? దీనికి సమాధానము మా యింటి చెక్కపెట్టెలో దొరకినది.

మా గ్రామపు రెండు పొలములు

మా గ్రామము పూర్వము జమీందారీ గ్రామము. 1930 తరువాతి సంవత్సరములలో ఇచ్చట ఒకే గట్టునకు ఇరువైపుల రెండు పొలములను ఇద్దఱు రైతులు సాగుచేయుచుండిరి. ఇద్దఱును తాతల నాటినుండి ఆ భూములలోనే యున్నవారు. పేర్లు చెప్పుట అనవసరము. ఒక యేడు దివాణపు ఉద్యోగి ఒకడు వచ్చి, ఈ రెండు పొలములును సేరి భూములనియు, ఇకముందు ఏటికేడు ముచ్చిలిక వ్రాసి యీయవలెననియు, లేనియెడల ఖాళీ చేయవలెననియు చెప్పెను. కాగితములు వ్రాసి చదివి వినిపించు పని మా తాతగారికి వచ్చెను.

మొదటి రైతు చూరులో దోపిన వెదురుగొట్టములో తన తండ్రి నాటి రసీదులు భద్రపఱచి యుంచెను. అతని కుమారుడు ఐదవ తరగతి చదివినవాడు; పొరుగూరి పఠనమందిరమునకు పోయి పత్రికలు చదువువాడు. ఆ పిల్లవాడు మా తాతగారి యరుగుముందు నిలబడి, "పంతులుగారూ, ఇది సేరి అని ఎవరన్నారండీ? దివాణం వారు సొంత అరకలు కట్టి దున్నించిన యేడు ఒక్కటి చూపించమనండి. మా నాన్న ముద్ర వెయ్యడు" అనెను. ఉద్యోగి కేకలు వేసెను గాని దావా వేయలేదు. ఆ కుటుంబము ఆ భూమిలోనే నిలిచి, తరువాత పట్టా పొందినది.

రెండవ రైతు ఏమియు ననలేదు. "తమరు చదివారు కదా బాబూ, తప్పుంటుందా" అని మా తాతగారి మొగము చూచి వ్రేలిముద్ర వేసెను. రెండేండ్లు గడచిన తరువాత భూమి విడిచిపెట్టుమనిరి. అతడు కోర్టునకు పోలేదు, ఎదురు చెప్పలేదు. పంట కోసికొని, ఎడ్లను తోలుకొని వెడలిపోయెను. కవిలెలో ఆ సంవత్సరమునకు ముందు అతని పేరు. ఆ సంవత్సరము నుండి వేఱొకరి పేరు. రెండును మా తాతగారి అందమైన చేవ్రాతయే.

మా తాతగారు అబద్ధము చదువలేదు. కాగితములో నున్నది ఉన్నట్లే చదివిరి. కాని 1908 చట్టము వారికి తెలియును. సేరియని ఋజువు చేయు భారము దివాణముదని తెలియును. ఒక్క మాట చెప్పియుండిన ఆ రైతు నిలదొక్కుకొనెడివాడు. దివాణమువలని భయముచేత చెప్పలేదు. అవసానదశలో మా తండ్రిగారితో, "అడిగితే చెప్పేవాణ్ణిరా. అడగాలని కూడా వాడికి తెలియలేదు" అని కన్నీరు పెట్టుకొనిరట. ఆ మాట మా తండ్రిగారు నాకు చెప్పిరి. నేను ఈ సంచికలో వ్రాయుచున్నాను. మా వంశమునకిది గౌరవము కాదని నేనెఱుగుదును. అయినను కరణము కలము దాచిన మాటను కరణము మనుమడైనను బయట పెట్టవలెను గదా.

రెండు పొలములకును చట్టమొక్కటియే. న్యాయమొక్కటియే. నిలిచినవానికిని తొలగినవానికిని భేదము, ఒకడు తన హక్కును ఎఱుగుట, ఒకడు ఎఱుగకుండుట మాత్రమే.

రైతుల ఉద్యమము, జమీందారీల రద్దు

ఒక్కొక్క రైతు ఒంటరిగా దివాణము నెదుర్కొనుట కష్టమని గ్రహించి తెలుగు రైతులు సంఘములు కట్టిరి. ఆచార్య ఎన్.జి. రంగాగారు మొదలైన నాయకులు జమీను రైతుల బాధలను దేశమునకు తెలిపిరి. వేంకటగిరి, మునగాల మొదలైన జమీందారీలలో ఆందోళనములు జరిగినవి. 1937-38లో రైతులు ఇచ్ఛాపురము నుండి చెన్నపట్టణము వఱకు కాలినడకన యాత్ర సాగించి తమ మొఱను ప్రభుత్వమునకు వినిపించిరి. మందస జమీందారీలో 1940 ఏప్రిల్ 1వ తేదీన, అడవి కలప విషయమున పుట్టిన తగవులో పోలీసుల కాల్పులు జరుగగా గున్నమ్మ అను వీరవనిత ప్రాణములర్పించెను.

1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున రెవిన్యూ మంత్రిగా నుండిన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతను ఒక విచారణ సంఘము ఏర్పడెను. 1938లో ఆ సంఘము నివేదిక సమర్పించెను. భూమికి యజమాని రైతేయనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమేయనియు, శిస్తులు 1802 నాటి మట్టమునకు దిగవలెననియు దాని సారాంశము. 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే అది అప్పుడు చట్టము కాలేదు. స్వాతంత్ర్యము వచ్చిన యేడు, 1947లో, శిస్తు తగ్గింపు చట్టము వచ్చెను. 1948 నాటి 26వ చట్టముచే జమీందారీలు రద్దయి, ఆ భూములు రైత్వారీ యయ్యెను. హక్కును నిలుపుకొన్న రైతులకు పట్టాలు వచ్చెను. హక్కు ఎఱుగక ముందే తొలగిపోయినవారికి ఆ సంబరములో పాలు లేకపోయెను. మా గ్రామపు రెండవ రైతు వంటివారు ఇట్లే చరిత్ర గడపదాక వచ్చియు బయటనే నిలిచిపోయిరి.

తెలంగాణమున

హైదరాబాదు రాజ్యమున చరిత్ర వేఱుగా నడచెను. జాగీరులు 1949లో రద్దయినవి. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము "రక్షిత కౌలుదారు" అను క్రొత్త హక్కుదారుని సృష్టించెను. చట్టము చెప్పిన కాలములలో ఆరేండ్లకు తక్కువ గాకుండ ఎడతెగక కౌలు చేసినవాడు రక్షిత కౌలుదారు. అతనిని ఇష్టము వచ్చినట్లు తొలగింపరాదు. భూమిని కొనుటకును అతనికి హక్కు కలిగెను.

ఈ చట్టము ఆచరణలో ఎట్లు పనిచేసినదో ఆచార్య ఎ.ఎం. ఖుస్రోగారు గ్రామములలో పరిశోధించి 1958లో గ్రంథము ప్రకటించిరి. మూడు నాలుగేండ్లలోనే రక్షిత కౌలుదారులలో నూటికి సుమారు 45 మంది మాత్రమే ఆ స్థితిలో మిగిలిరి. సుమారు 12 మంది భూమిని కొనుక్కొనిరి. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురికి లోపు. చట్టవిరుద్ధముగా తొలగింపబడినవారు 22 మంది. "స్వచ్ఛందముగా" భూమిని వదలుకొన్నవారు సుమారు 18 మంది! అన్నము పెట్టు భూమిని స్వచ్ఛందముగా వదలుకొనువాడెవ్వడు? ఆ "స్వచ్ఛంద" కాగితములపై వ్రేలిముద్రలు ఎట్లు పడియుండునో మా గ్రామపు కథ విన్నవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

మన కాలపు కౌలుదారు

జమీందారులు పోయిరి. కాని కౌలుదారు పోలేదు. స్వంత భూమి లేనివాడును, ఉన్నది చాలనివాడును ఇతరుల పొలమును మక్తాకు తీసికొని సాగుచేయుచునే యున్నాడు. అట్టివారి రక్షణకై ఆంధ్ర ప్రాంతమున 1956లో కౌలుదారీ చట్టము వచ్చెను. కౌలు గడువు కనీసము 6 సంవత్సరములుండవలెననియు, భూమి అమ్మునపుడు కౌలుదారునకే మొదట కొను అవకాశమీయవలెననియు అందు నియమము చేసిరి. ఫలితమేమైనది? కౌలుదారు పాతుకొనిపోవునని యజమానులు భయపడి, కాగితము వ్రాయుట మానిరి. ఏటేట కౌలుదారుని మార్చుట మొదలుపెట్టిరి. అరుగుమీద నోటిమాటతో కౌలు కుదురుట వాడుకయ్యెను. కాగితము లేని కౌలుదారు బ్యాంకు దృష్టిలో రైతు కాడు. తుపానులో పంట మునిగినపుడు నష్టపరిహారపు పట్టికలో యజమాని పేరుండును గాని మునిగినవాని పేరుండదు.

ఈ లోపమును గమనించి 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సాగుదారులకు ఋణార్హత కార్డులిచ్చు చట్టమొకటి వచ్చెను. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశమున 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము చేసిరి. దానిలో 11 నెలల ఒప్పందమునకు యజమాని సమ్మతి కావలసి వచ్చెను. భూమిపై యజమాని హక్కునకు భంగము లేకుండ, పంటపై సాగుదారు హక్కును గుర్తించుట దాని తలంపు. మేలువారము, కుడివారము అను పాత మాటలు ఇందు క్రొత్త వేషమున కనబడుచున్నవి గదా!

చట్టములు మాఱుచుండును. ఏ సంవత్సరమున ఏ చట్టము అమలులో నున్నదో తెలిసినవారినడిగి తెలిసికొనవలెను. కాని ఈ రెండువందల యేండ్ల చరిత్ర చెప్పు పాఠములు కొన్ని మాఱనివి. కౌలు మాట కుదిరిననాడే కాగితము వ్రాయించుకొనవలెను. అందు సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు, గడువు, మక్తా ఎన్ని బస్తాలో లేక ఎంత సొమ్మో, నీటితీరువ ఎవరు చెల్లింపవలెనో, తుపాను వచ్చినచో మక్తా ఎంత తగ్గునో స్పష్టముగా నుండవలెను. చదువని కాగితముపైనను, ఖాళీ కాగితముపైనను చేవ్రాలు చేయరాదు. ఒక ప్రతి తనయొద్ద నుంచుకొనవలెను. చెల్లించిన ప్రతి బస్తాకును రసీదు అడుగవలెను. అడుగుట అవిశ్వాసము కాదు, మర్యాదయే. వీలైనచో సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లించిన లెక్క దానంతటదియే నిలుచును. "రేపటినుండి పొలములోనికి రావద్దు" అను నోటిమాటకు బెదరి గట్టు దిగిపోరాదు. వ్రాతమూలకముగా అడుగుమని చెప్పి, న్యాయము తెలిసినవారిని విచారింపవలెను.

కౌలుదారునకు ధర్మమును కలదు. గడువునకు మక్తా చెల్లింపనివాని పక్షమున ఏ చట్టమును ఎక్కువసేపు నిలువదు. కౌలుకిచ్చువారందఱును దివాణములు కారు. భర్తను గోల్పోయి ఎకరము పొలముపై వచ్చు మక్తాతో దినములు గడుపు తల్లియు భూయజమానియే. ఆమె పాలు ఆమెకు చేరవలెను. కాగితము ఇద్దఱిని కాపాడును. ఇద్దఱి నడుమ స్నేహమునుగూడ కాపాడును.

గ్రంథాలయమునకు దీనితో సంబంధమేమి

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైన పెద్దలు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుటకు పాటుపడిరి. కాలువలలో పడవలపై గూడ పుస్తకములు పంపిరి. కేవలము కాలక్షేపమునకే అంత శ్రమ పడిరని నేననుకొనను. మా గ్రామపు మొదటి రైతు కొడుకును నిలబెట్టినది పొరుగూరి పఠనమందిరములో చదివిన పత్రిక. రెండవ రైతు నాటికి మన ఊర గ్రంథాలయము లేదు.

చివరకు ఒక్క సంగతి చెప్పి ముగించెదను. ఆ రెండవ రైతు మునిమనుమడు మన గ్రంథాలయ చందాదారులలో ఒకడు. స్వంత భూమి లేదు. కౌలు చేసికొని బ్రతుకుచున్నాడు. నిరుడు ఒక కాగితము తెచ్చి, "దీని మీద సంతకం పెట్టమంటున్నారు మాస్టారూ, ఒకసారి చూసి పెట్టండి" అని నాకు చూపెను. విస్తీర్ణము, మక్తా వ్రాయవలసిన తావులు ఖాళీగా నుండెను. ఉన్నది ఉన్నట్లు చదివితిని. తరువాత, అతడడుగకున్నను, చట్టము చెప్పితిని. ఖాళీలు పూరింపుమని అడుగుమంటిని. అతడు పోయి అడిగెను. యజమానియు మంచివాడగుటచే మఱునాడే పూరించి యిచ్చెను. కాగితపు ప్రతి ఒకటి ఇప్పుడు అతని యింట నున్నది.

మా తాతగారు చెప్పవలసిన మాట మూడు తరములు ఆలస్యముగా నైనను ఆ యింటికి చేరినది. ఇకముందు ఎవ్వరింటికిని అట్టి ఆలస్యము కలుగకుండుగాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతవార్షికోత్సవమును జరుపుకొని, మన గ్రామమున తన కాగితమును తాను చదువుకొనలేనివాడు ఒక్కడైనను లేకుండునట్లు చేయుగాక యని భగవంతుని ప్రార్థించుచు విరమించుచున్నాను.